టక్‌మన్నాక ఆపాలి

మా బంకులో ఫుల్ అంటే వేరే ఊళ్లలో ఫుల్ లాంటిది కాదు. భద్రాచలం దాటి, పర్ణశాల దారి చీలిన తర్వాత, అడవి దగ్గరపడే చోట ఉంటుంది మా బంకు. అక్కడి నుంచి లోపలి ఊళ్లకు వెళ్లే బండివాళ్లకు మళ్లీ పెట్రోల్ ఎక్కడ దొరుకుతుందో, దొరికినా అందులో ఏం కలిసి ఉంటుందో తెలియదు. అందుకే గొంతుదాకా పోయమంటారు. ట్యాంకు నిండగానే పెట్రోల్ పోసే గన్ను దానంతట అదే టక్‌మని ఆగిపోతుంది. అక్కడ ఆపితే ఒప్పుకోరు. బండికి డబుల్ స్టాండ్ వేసి, అటూ ఇటూ ఊపి, లోపలి గాలి పోయాక "ఇంకింత పడతది, పొయ్" అంటారు. అప్పుడు మేము ట్యాంకు మీదికి వంగి, నురగ ఎంత వరకు వచ్చిందో చూస్తూ చుక్క చుక్కగా పోయాలి. ఎండలో ట్యాంకు మూతి మీద ఆవిరి వణుకుతూ కనిపిస్తుంది. మా మొహాలు ఉండేది ఆ ఆవిరిలోనే.

నాది ఇల్లందు. మా నాయన బొగ్గుబాయిలో పనిచేశాడు. ఊపిరితిత్తులు చెడిపోయి అన్‌ఫిట్ అయితే ఆయన ఉద్యోగం మా అన్నకు ఇచ్చారు. మా వైపు అది మామూలే. తండ్రి దిగిన బాయిలోకి కొడుకు దిగుతాడు, ఆ రోజు వాడకట్టంతా మిఠాయి పంచుతారు. మేమూ పంచాం. ఆ ముచ్చట బంకులో అన్నం తినేటప్పుడు ఎన్నిసార్లు చెప్పుకున్నానో. పెళ్లయ్యాక బూర్గంపాడు వచ్చాను. రోజూ పొద్దున బస్సులో గోదావరి వంతెన దాటి బంకుకు వెళ్తాను. పేరుకు సూపర్‌వైజర్‌ని, చేతిలో ఎప్పుడూ గన్నే. నా నోటికి అందరూ భయపడతారని మా ఓనర్ అంటాడు. నిజంగా భయపడితే ఈ సంగతి ఇట్లా రాయాల్సి వచ్చేది కాదు.

నా పక్క గన్ను దగ్గర పనిచేసిన అమ్మాయిది లోపలి కోయ గూడెం. మొగుడు, చిన్న కూతురు, పెళ్లికాని చెల్లెలు, తల్లి. బంకుకు రాకముందు ఎండాకాలం తునికాకు కోసేది, తర్వాత మిర్చి ఏరేది. నీడలో నిలబడి చేసే పని దొరకడం ఆమెకు ఇదే మొదటిసారి. దానికే మురిసిపోయేది. మొదట్లో వాసనకు తలనొప్పి వచ్చేదట, తర్వాత అలవాటైంది. "ఇంటికి పోతే నా బిడ్డ కండ్లు మూస్కొని గూడ నన్ను గుర్తు పడతది అక్కా" అని నవ్వేది. ఆమెలా ఫుల్ పోసేవాళ్లు మా బంకులో ఇంకెవరూ లేరు. నా గన్ను ఖాళీగా ఉన్నా జనం ఆమె లైన్లోనే నిలబడేవాళ్లు. నాకు కాస్త కుళ్లు కూడా ఉండేది. "నువ్వు పోస్తే బండి తుమ్మినా పెట్రోల్ కారుతదే" అని ఎగతాళి చేసేదాన్ని.

అప్పుడప్పుడు కంపెనీ నుంచి ఒకాయన వచ్చి సేఫ్టీ క్లాసు చెప్పేవాడు. ఇసుక బకెట్ ఎట్లా విసరాలి, ఎర్ర సిలిండర్ పిన్ను ఎట్లా లాగాలి, ఫోన్ ఎందుకు మాట్లాడకూడదు. పెట్రోల్ అంటే అందరికీ నిప్పు భయమే. వాసన సంగతి ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు. కళ్లముందు మండేది ఉండగా కనపడనిదాని గురించి ఎవరికి తోస్తుంది?

ఒక వేసవిలో ఆమె చేతుల మీద నీలం మచ్చలు కనిపించాయి. మోచేతి పైన ఒకటి, మణికట్టు దగ్గర ఒకటి, తర్వాత మెడ కింద ఇంకొకటి. అడిగితే "ఏమో అక్కా, ఏడ తగిలిందో" అంది. దెబ్బలు తినే ఆడవాళ్లందరూ చెప్పే మాటే అది. నాకు ఒళ్లు మండింది. సాయంత్రం ఆమెను తీసుకుపోవడానికి మొగుడు వస్తే బంకు నడిమధ్య నిలబెట్టి కడిగేశాను.

"ఆడదాని మీద చెయ్యి లేపుతవురా? మళ్లొక్క మచ్చ కనపడ్డదో, నిన్ను తీస్కపోయి స్టేషన్ల కూసోబెడ్త!"

పెట్రోల్‌కు వచ్చినవాళ్లంతా గుమిగూడి చూస్తున్నారు. అతను గట్టిగా మాట్లాడే మనిషి కాదు. నేను ఆగేదాకా తల వంచుకుని నిలబడ్డాడు. "నేను కొట్టలే అక్కా" అన్నాడు. "ఈడ ఎవలన్న కొడుతున్రేమోనని నేను అనుకుంటున్న."

ఆమెకు నవ్వాగలేదు. ఆ నవ్వులో చిగుళ్ల మీద నెత్తురు చూశాను. వేపపుల్ల గుచ్చుకుందేమో అనుకున్నాను. ఇంట్లో వాళ్లమ్మ మాత్రం అడవిలో ఏదో సోకిందని ముత్యాలమ్మకు కోడిని ఇచ్చింది. అది విని నేను నవ్వాను గానీ, నాకేం తెలివి ఎక్కువైందని? నేను మొగుడి మీద పడ్డాను, వాళ్లమ్మ దేవత మీద భారం వేసింది. ఆ పిల్ల చేతిలో ఉన్న గన్ను వైపు ఇద్దరం చూడలేదు.

తర్వాత ఆయాసం మొదలైంది. నాలుగు బండ్లకు పోసేసరికి స్తంభానికి ఆనుకునేది. గూడెంలో వేలికి సూది గుచ్చి చూసి, రక్తం తక్కువ ఉందన్నారు. మా ప్రాంతంలో రక్తం తక్కువ లేని ఆడది ఎవరు? నాకూ తక్కువే. అందరికీ ఇచ్చే గోలీలే ఆమెకూ ఇచ్చారు, అందరికీ చెప్పినట్టే మునగాకు తినమన్నారు. నేను ఇంటి నుంచి నువ్వుల ఉండలు చేసి తెచ్చేదాన్ని. అవి తిని, నీళ్లు తాగి, మళ్లీ వెళ్లి ట్యాంకు మీద వంగేది. కింద చిల్లు చూసుకోకుండా కుండలో నీళ్లు పోసినట్టుంది మా వైద్యం.

జ్వరం పట్టుకుని వదలకపోతే నేనూ ఆమె మొగుడూ కలిసి ఖమ్మం తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ రక్తం పరీక్షలు చూసి, తర్వాత ఆమెను చూసి, ఏం పని చేస్తావని అడిగింది. అంతకు ముందు ఆ మాట ఎవరూ అడగలేదు.

"రక్తంల మూడు రకాల కణాలుంటయి, ఈమెకు మూడూ పడిపోయినయి" అంది డాక్టరమ్మ. "తిండి సాలక పడిపోతే గిట్ల ఉండదు. రక్తం తయారయ్యేది ఎముకల లోపలి మూలుగల. ఆడనే దెబ్బ తగిలింది. పెట్రోల్‌ల బెంజీన్ అని ఒకటుంటది. ఏండ్ల తరబడి దాన్ని పీలిస్తే గిట్ల కావచ్చు."

"అయితే పెట్రోల్‌తోనే వచ్చిందని రాసియ్యండమ్మా" అన్నాను.

"కావచ్చు అని చెప్పగలను గానీ, ఈమెకు దానితోనే వచ్చిందని రాసియ్యలేను."

"మరి ఎవలు రాసిస్తరు?"

డాక్టరమ్మ కాగితాలు మడిచి నా చేతికిచ్చింది. ముందు ఆ ఆవిరికి దూరం జరగమంది. నేను సంచిలోంచి మాస్కు తీసి చూపించాను, కరోనా అప్పుడు కుట్టిన గుడ్డ మాస్కు. "ఇది దుమ్మును ఆపుతది. ఆవిరిని ఆపదు" అంది. ఆ మాస్కు తిరిగి సంచిలో పెట్టుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది.

మా ఓనర్ చెడ్డవాడు కాదు. వాళ్ల తాత కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నాడు. ఇప్పటికీ వాళ్లింట్లో కోస్తా యాసే. నేను చెప్పిందంతా విని, "అయ్యో, అలాగా! ఆ పిల్లని ఆయిల్ డబ్బాల కౌంటర్లో కూర్చోబెడదాం లేమ్మా. ఆవిరిని వెనక్కి లాక్కునే గన్నులు వస్తున్నాయంట, కంపెనీ వాళ్లని అడుగుతూనే ఉన్నా. ముందు పెద్ద ఊళ్లకంట, తర్వాతే మనకి" అన్నాడు. నేను ఊరుకోలేదు. అట్ట మీద పెద్ద అక్షరాలతో "టక్‌మన్నాక ఆపాలి. ఇంకా పోయమని అడగొద్దు" అని రాసి రెండు గన్నుల దగ్గరా కట్టాను.

పూట గడవకముందే గొడవ. "బండి నాది, పైసల్ నావి, మధ్యల నీదేంది?" అన్నాడొకడు. "అడివిల ఆగిపోతే నువ్వొచ్చి నెడ్తవా?" అన్నాడు ఇంకొకడు. వాళ్లకు వాళ్ల భాషలోనే జవాబిచ్చాను. అప్పుడే స్కూటీ మీద ఒక నర్సమ్మ వచ్చింది. లోపలి గూడెంలో కాన్పు, అంబులెన్సు పోయే దారి లేదట. "జర నిండ పొయ్యి అక్కా, వచ్చేటప్పుడు ఆగిపోతే ఫోన్ సిగ్నల్ గూడ ఉండదు" అంది. ఆమెకు ఏమని చెప్పను? వంగి గొంతుదాకా పోశాను. వెనకవాడు అది చూసి, "ఆమెకో లెక్క, మాకో లెక్కా?" అన్నాడు. అతనికీ పోశాను. వారం తిరగకుండానే ఒక అట్ట వెనక బల్లిని చూసి భయపడి, ఎవరో రెండిటినీ ఊడబీకి పడేశారు. మళ్లీ కట్టడానికి నాకు చేతులు రాలేదు.

కౌంటర్లో కూర్చోబెట్టాం గానీ, ఆ గది ఎక్కడుంది? ట్యాంకర్ వచ్చి పెట్రోల్ దింపే గుంతకు ఎదురుగా. కూర్చున్నా పీల్చేది ఆ గాలే. పైగా సంత రోజు రెండు లైన్లూ రోడ్డెక్కితే, ఎరిగిన మొహాలు "చెల్లే, నువ్వు రా" అని పిలిచేవి. నేను వద్దని కళ్లెర్రజేసినా, "గీ ఒక్క బండికి పోసి పోత అక్కా" అని వచ్చేది. తనను జనం అడిగి పిలవడం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక అక్కడే జరిగింది. అది మానుకోమని చెప్పడం నాకే కష్టంగా ఉండేది.

వానాకాలంలో ఒక పొద్దున ముక్కులోంచి నెత్తురు కారడం మొదలై ఆగలేదు. మళ్లీ ఖమ్మం. సీసాల మీద సీసాలు రక్తం ఎక్కించారు. ఇంట్లో వాళ్లలో ఎవరి మూలుగైనా సరిపోతే హైదరాబాద్‌లో ఎక్కిస్తారని, అదొక్కటే గట్టి దారి అని డాక్టరమ్మ చెప్పింది. పరీక్ష చేస్తే చెల్లెలిది సరిగ్గా సరిపోయింది. ఆ రోజు మేమంతా దవాఖానా వరండాలో చిన్నపిల్లల్లా ఏడ్చాం. ముందు జ్వరం తగ్గాలి, తర్వాత సర్కారు మంజూరు రావాలి, అప్పటిదాకా ఆగాలన్నారు.

నేను చూడడానికి వెళ్లినప్పుడు ఆమె మంచం మీద లేచి కూర్చుని ఉంది. మొహం పాలిపోయి పసుపుపచ్చగా ఉంది గానీ కళ్లలో ఏదో హుషారు.

"అక్కా, నిన్నొకటి అడుగుత. కాదనొద్దు."

"ఏందో చెప్పరాదే."

"మీ నాయిన అన్‌ఫిట్ అయితే మీ అన్నకు ఇచ్చిన్రు గదా ఉద్యోగం. నాది మా చెల్లెకు ఇప్పియ్యి. ఓనర్ నీ మాట వింటడు."

ఆమె కప్పుకున్న దుప్పటి సర్దాను. "పిచ్చిదానివా? నిన్ను గీ మంచం మీదికి తెచ్చిందే ఆ పని" అన్నాను.

"నాది ఒట్టి రక్తం అక్కా. దానిది గట్టి రక్తం. డాక్టరమ్మనే చెప్పింది గదా, దానిది నాకు గూడ పనికొస్తదని. దానికేం కాదు."

"గట్ల కాదే..."

"మరి యాడికి పంపాలె? మిర్చి చేన్లకా? ఆడ మందు కొట్టంగ మొన్న మా పక్కింటామె పడిపోలేదా? ఈడనైతే నీడ ఉంటది, నువ్వుంటవు. ఏండ్లు పట్టిందని అన్నది డాక్టరమ్మ. నేను ఏండ్లదాంక పండుకుంటనా? లేచి నేనే వస్త."

ముందుకు పోతే నుయ్యి, వెనక్కు పోతే గొయ్యి. ఆ పిల్ల కూలికి వెళ్లకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. వెళ్లడానికి విషం లేని చోటు నాకూ తెలియదు. మొగుడి వైపు చూశాను. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. సరేనన్నాను.

ఓనర్ ఒక్క మాటలో ఒప్పుకున్నాడు. "బయటి మనిషెందుకమ్మా, ఆ ఇంట్లో వాళ్లకే ఇద్దాం. ఆ పిల్ల కష్టపడి చేసింది" అన్నాడు. తాను మంచి పని చేశానని ఆయన మొహం వెలిగిపోయింది. అది మంచి పని కాదని అనకుండానే నా గన్ను దగ్గరికి వచ్చేశాను.

చెల్లెలు అక్క యూనిఫాం చొక్కా వేసుకునే వచ్చింది. భుజాల దగ్గర వదులు. వాళ్లమ్మ చేసి పంపిన ఇప్పపువ్వు లడ్డూలు అందరికీ పంచింది. పొద్దున్నుంచి పెట్రోల్ పోసిన చేత్తోనే ఒకటి తిన్నాను. నాలుక మీద తీపితో పాటు ఆ వాసన.

గన్ను ఎట్లా పట్టుకోవాలో, మీటర్లో సున్నా చూసుకోమని గిరాకీకి ఎప్పుడు చెప్పాలో నేర్పాను. అన్నిటికన్నా ముందు, టక్‌మన్నాక ఆపమని చెప్పాను. మొహం దూరం పెట్టమన్నాను, గాలి వీపు వెనక నుంచి వీచేటట్టు నిలబడమన్నాను. తల ఊపింది. మొదటి బండివాడు పాత గిరాకీయే. "మీ అక్కైతే గొంతుదాంక పోసేది" అన్నాడు. ఆ పిల్ల వెంటనే బండి ఊపి, ట్యాంకు మీదికి వంగింది. నేను పరిగెత్తి జడ పట్టుకుని వెనక్కి లాగాను. "ఎందుకమ్మా కొడుతున్నవ్ పిల్లను?" అన్నాడతను కోపంగా. అతనికి ఏం చెప్పను? వాళ్లక్క బతుకంతా ఈ పిల్ల ఎముకల్లో దాచి ఉందని ఆ రోడ్డు మీద ఎట్లా చెప్పను?

"గీ అన్న లోపలికి పోవాల్నంట అక్కా" అంది ఆ పిల్ల, జడ సర్దుకుంటూ.

నా గన్ను దగ్గర హారన్లు కొడుతున్నారు. వెనక్కి వచ్చాను. పది బండ్లు పోయాక ఖమ్మం నుంచి ఫోన్ వచ్చింది. గదిలోకి పోయి మాట్లాడాను.

"చెల్లె వచ్చిందా అక్కా? మంచిగ పోస్తున్నదా? జనం మెచ్చుకుంటున్రా?"

అద్దంలోంచి చూశాను. ఆ పిల్ల మళ్లీ ట్యాంకు మీద వంగి ఉంది, నురగ ఎంత వరకు వచ్చిందో జాగ్రత్తగా చూస్తూ.

"అవ్" అన్నాను. "మంచిగ పోస్తున్నది."