ఫ్రీవీల్ లేని సైకిల్

మా చిన్నప్పుడు... అమెరికాలో, షాంటిలీ అనే ఊళ్ళో మా ఇంటి గరాజ్‌లో ఒక సైకిల్ తలకిందులుగా నిలబడి ఉండేది. చక్రాలు పైకి, సీటు నేల మీద. దాని ముందు షారోన్ బాసింపట్టు వేసుకుని కూర్చునేది. నాకు పన్నెండేళ్ళు, తనకి పదమూడు. (పేరు మార్చాను.)

షారోన్ వాళ్ళు అప్పుడే తుని నుంచి వచ్చారు. మా తెలుగు చర్చిలో పరిచయం. అంకుల్‌కి ప్రాజెక్ట్ దొరికేదాకా ఉండండని నాన్న వాళ్ళని మా బేస్‌మెంట్‌లో దించారు. ఆ 'దొరికేదాకా' నాలుగు నెలలు సాగింది...

తునిలో షారోన్ వాళ్ళ తాతగారిది సైకిల్ షాపు. స్కూలు వదిలాక తను అక్కడే పెరిగింది. రిమ్ముకి బెండు తీయడం, పుల్లలు బిగించడం, చైను లింకు విప్పి కలపడం... మా వీధిలో పెద్దవాళ్ళకి కూడా రాని పనులు తనకి వచ్చు.

ఎవరో పారేసిన పాత రోడ్డు సైకిల్‌ని నాన్న నాకోసం తెచ్చిపెట్టారు. షారోన్ దాని గేర్లన్నీ పీకేసి, ఒకే ఒక పళ్ళచక్రం బిగించింది. ఫ్రీవీల్ కూడా తీసేసింది. అంటే చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతూనే ఉంటాయి. కాళ్ళు ఆపి ఊరికే కూర్చోవడం కుదరదు. నేను పట్టకారు అందించాను, ఫ్రేముకి పసుపు రంగు వేశాను. అంతే. అయినా అందరికీ 'మేం కట్టిన బైక్' అని చెప్పుకునేదాన్ని.

గొడవంతా తొక్కడం దగ్గర వచ్చింది. నాకు రాలేదు. అలవాటు కొద్దీ కాళ్ళు ఆపబోతే ఆ పెడల్ నన్ను ఎత్తి విసిరేసేది... మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయాయి. షారోన్ మాత్రం వీధి చివరి మలుపులో పెడళ్ళని కాళ్ళతో వెనక్కి బిగబట్టి, చక్రాన్ని జర్రున జార్చి ఆపేది. రోడ్డు మీద నల్లటి చార పడేది. పిల్లలు చప్పట్లు కొట్టేవారు.

ఒకరోజు పక్కింటి మేగన్ వచ్చింది. "షారోన్, కెన్ ఐ ట్రై యువర్ బైక్?"

యువర్ బైక్!

"ఇట్స్ మైన్," అన్నాను.

మేగన్ నవ్వింది. "బట్ యు కాంట్ రైడ్ ఇట్."

షారోన్ నవ్వలేదు. నిజమే, బైక్ దీనిదే అని నన్ను చూపించింది. ఆ జాలి చూసే నాకు ఒళ్ళు మండింది.

ఆ మధ్యాహ్నమే చైను తుడవడానికి కూర్చున్నాం. నేను పెడల్ తిప్పుతుంటే తను మసిగుడ్డ పెట్టి చైను తుడుస్తోంది.

"స్లోగా తిప్పవే," అంది. "దీనికి ఫ్రీవీల్ లేదుగా. గుడ్డ ఇరుక్కుంటే నువ్వు చెయ్యి తీసేసినా చైను ఆగదు. వేలు పోద్ది."

అంత స్పష్టంగా చెప్పింది. విన్నాను. రెండు చుట్లు నెమ్మదిగా తిప్పాను. మూడోసారి నా బలమంతా పెట్టి తిప్పాను.

భయపెడదామనే అలా చేశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. కాదు. తనకి నొప్పి పుట్టాలనే తిప్పాను. ఎంత నొప్పో ఊహించలేదు, అంతే...

గుడ్డని చైను లాక్కుపోయింది. దాంతోపాటు కుడి చూపుడు వేలుని కూడా. పెద్ద శబ్దమేమీ రాలేదు. తను వెంటనే అరవను కూడా అరవలేదు. చక్రం ఆగేసరికి మొదటి కణుపు దాకా వేలు లేదు.

అమ్మ పరుగెత్తుకొచ్చింది. వెనకాలే బేస్‌మెంట్ మెట్లెక్కి ఆంటీ, అంటే షారోన్ వాళ్ళమ్మ.

"ఏమైందే? ఎలా అయింది?"

నా నోట్లోంచి తడుముకోకుండా వచ్చింది. "తనే తిప్పుకుంది మమ్మీ. ఐ టోల్డ్ హర్ నాట్ టు."

షారోన్ నావైపు చూసింది. తర్వాత వాళ్ళమ్మవైపు చూసింది. ఆంటీ అప్పటికే మా అమ్మతో "సారీ అక్కా, సారీ అక్కా" అంటోంది... కూతురి రక్తం మా గరాజ్ నేల మీద పడినందుకు.

"అవునాంటీ," అంది షారోన్ మా అమ్మతో. "నేనే."

ఎందుకలా అందో నాకు అప్పుడే తెలుసు. ఎవరింట్లో ఎవరు ఉంటున్నారో పన్నెండేళ్ళ పిల్లకి కూడా తెలుస్తుంది.

వేలు అతకలేదు. ఆదివారం చర్చిలో పాస్టర్‌గారు షారోన్ కోసం ప్రార్థన చేయించారు. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది నేనే. తిరిగొచ్చేటప్పుడు కారులో అమ్మ ఆంటీతో అంది, "పిల్లని కాస్త కంట్రోల్‌లో పెట్టుకో సునీతా. రేపు మా దానికేమైనా అయితే?" కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని షారోన్ నా పక్కనే కూర్చుని ఉంది.

మరుసటి నెల అంకుల్‌కి ప్రాజెక్ట్ దొరికి, వాళ్ళు కమ్మింగ్ అనే ఊరికి వెళ్ళిపోయారు. వెళ్ళే ముందురోజు తను గరాజ్‌లో కూర్చుని, ఎడమ చేత్తో గంటసేపు అవస్థపడి, ఆ సైకిల్‌కి ఫ్రీవీల్ బిగించింది.

"ఇంక తొక్కుకో. ఇప్పుడు నీకూ వచ్చేద్ది."

తొక్కాను. ఆ వేసవి మిగిలిన రోజులన్నీ తొక్కాను. హాయిగా ఉండేది కూడా...

పోయిన నెల తను ఇక్కడే, ఫీడ్‌లో కనిపించింది. నిజమంతా ఒప్పుకుంటూ పెద్ద మెసేజ్ రాశాను. రెండు రోజులకి జవాబొచ్చింది.

"కమ్మింగ్ వచ్చాక అమ్మకి చెప్పాను. ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టినవాళ్ళ మీద అబద్ధాలు చెప్తావా అని కొట్టింది. అమ్మ పోయి రెండేళ్ళయింది. నువ్వు చెప్పాల్సింది తనకి. నాకు తెలిసిందే నాకెందుకు రాశావు?"

మళ్ళీ రాయబోతే, నన్ను బ్లాక్ చేసేసింది.

ఇప్పుడు మా వీధి పిల్లలందరివీ బ్యాటరీ సైకిళ్ళు. ఎవరి చేతికీ గ్రీజు అంటదు, గరాజ్‌లో కూర్చుని ఎవరూ ఏదీ బిగించరు... ఆ రోజులే వేరు అని రాద్దామనే ఇది మొదలుపెట్టాను.

మీ చిన్నప్పుడు, మీరు చేసిన తప్పుని తన మీద వేసుకుని ఊరుకున్న స్నేహితురాలెవరైనా ఉందా? ఉంటే ఇక్కడ కామెంట్లో రాయకండి. వాళ్ళమ్మ ఇంకా బతికుంటే... ముందు ఆవిడకి ఫోన్ చేయండి.