లోడు లేని ఊరికి హనీమూన్

పెళ్లయ్యాక రెండో శుక్రవారం విందు ప్రొద్దుటూరులో మా అమ్మగారింట్లో తిన్నాం. సోమవారం పొద్దున ఎనిమిదింటికి నేనూ మా ఆయన ఖాజా గండికోటకు బయలుదేరాం. హనీమూన్‌కి అన్నమాట. ఇంత పెద్ద దేశంలో పక్కూరే దొరికిందా అని నవ్వేవాళ్లు నవ్వుకోండి. ముందు నా గోడు వినండి.

మా ముస్లిం ఇళ్లలో పెళ్లయ్యాక వరుసగా ఐదు జుమ్మాలు, అంటే ఐదు శుక్రవారాలు, ఒకసారి పుట్టింట్లో, ఒకసారి అత్తింట్లో కొత్త జంటకు విందు పెడతారు. ఎక్కడికి పోయినా మళ్లీ శుక్రవారానికల్లా విందుకు తిరిగి రావాల్సిందే. రెండిళ్ల నిండా చుట్టాలే. ఐదో విందు కాగానే ఆయన లారీ ఎక్కేస్తారు. పులివెందుల చీనీకాయలు, అంటే బత్తాయిలు, ఢిల్లీకి తోలే డ్రైవరు మరి, వెళ్తే రెండు వారాలు రారు. ఇన్ని రోజులైనా నాతో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. మంచి మనిషే, కోపం లేదు, కానీ ఏమడిగినా ఊ, ఆ. ఈలోపు మనిషిని తెలుసుకోకపోతే జన్మంతా చుట్టంలా వచ్చిపోయే మొగుడితో కాపురం చేయాలేమోనని నాకు నిజంగా భయం పట్టుకుంది.

ఊళ్లు అడిగి చూడక కాదు.

"ఊటీ పోదామా?"

"టమాటా లోడుకి పోయినా. అన్నీ మలుపులే."

"కాశ్మీరు?"

"ఆపిల్ లోడు. శానా చలి."

"గోవా?"

"ఆడ సరుకు దించేది ఆలస్యం."

నాకు ఒళ్లు మండింది. "నువ్వు లోడుతో పోని ఊరే ల్యాదా ఈ దేశంలో?" అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "గండికోట," అన్నారు. "ఆడ ఎత్తేదానికి ఏమీ ఉండదు కదా."

బస్టాండు ఎదురుగా ఎర్రకారం దోసెలు తిని జమ్మలమడుగు బస్సెక్కాం. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే నాకు సున్నా టికెట్ కొట్టారు. ఆయన మాత్రం జేబులో చెయ్యి పెట్టక తప్పలేదు. పక్క సీట్లో దువ్వూరు అవ్వ ఒకామె, కూతురి దగ్గరికి పోతోంది.

"యాడికి పోతాండారు పాపా, అంత పెద్ద బ్యాగేసుకొని?"

"హనీమూనుకి అవ్వా."

"అదేంది?"

"కొత్తగా పెండ్లయినోళ్లు ఇద్దరే ఊరు చూసేదానికి పోయేది."

అవ్వ మా ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆయన చూపంతా రోడ్డు మీదే. డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా మొహం చిట్లిస్తున్నారు. "ఇద్దరే అంటివి, ఆయప్ప ఈడ ల్యాడు కదమ్మా," అంది అవ్వ. నవ్వేశాను కానీ లోపల చురుక్కుమంది.

జమ్మలమడుగు నుంచి గండికోటకు బస్సులు తక్కువ. ఆటో మాట్లాడుకోవాలి. ఐదొందలు అన్నవాణ్ణి నేనే మూడొందలకు దించాను. కోట వాకిలి దాటాక మసీదు, ధాన్యం కొట్టు, గుళ్లు, అన్నీ నడిచే చూడాలి. వచ్చేవాళ్లు నీళ్లు, గట్టి చెప్పులు మరవద్దు, నీడ బొత్తిగా ఉండదు. లోయ పక్కన అద్దె గుడారంలో దిగాం. రాగి సంగటి, నాటుకోడి పులుసు బ్రహ్మాండంగా ఉన్నాయి. మాటలు మాత్రం అవే ఊ, ఆ.

మర్నాడు ఆరింటికల్లా లోయ అంచుకు చేరాం. ఎర్రటి బండలు ఒకదాని మీద ఒకటి పేర్చిన గోడలు, అడుగున పెన్న. ఎండ పడేకొద్దీ రాయి రంగు మారుతుంటే ఒళ్లు పులకరించింది. అంత అందం ముందు కూడా మా ఆయన ఉలకలేదు, పలకలేదు. ఇక ఆగలేకపోయాను.

"ఏమప్పా, నేనంటే నీకు ఇష్టం ల్యాదా? ఉంటే ఉందను, ల్యాకుంటే ల్యాదను."

ఆయన అదిరిపడ్డారు. "అట్లంటావేందే! ఇష్టం ల్యాకేమి? ఇంట్లో అంతమంది ముందర ఏం మాట్లాడల్లనో నాకు తెలీదు. ఇన్నేండ్లుగా నేను మాట్లాడిందంతా బండ్లోనే. కండ్లు రోడ్డు మీదుంటేనే నాకు మాట వస్తాది. క్లీనరుతో రేయింబగళ్లు మాట్లాడతాంటా."

"ఏం మాట్లాడతావు వానితో?"

"అన్నీ. నిన్ను చూసొచ్చినాంక నాగపూరు దాకా నీ మాటే. సాలు సామీ అని వాడు మొత్తుకున్న్యాడు."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నా గురించి నాగపూరు దాకానా! నాతో మాత్రం ఊ, ఆనా!

"అయితే నన్నే ఎక్కించుకో, ఢిల్లీకి పోదాం," అన్నాను.

"లారీలోనా? స్నానానికి, దానికీ దీనికీ..."

"పెట్రోలు బంకులు ల్యావా? నువ్వెట్ల పోసుకుంటాండావో నేనూ అట్లే."

మూడో విందు పులివెందులలో అత్తగారింట్లో. పదింటికి ఆటోలో జమ్మలమడుగు వచ్చి, ముద్దనూరు మీదుగా పోయే బస్సు పట్టుకున్నాం. అదృష్టం కొద్దీ డ్రైవరు వెనక సీటే దొరికింది. రోడ్డు వంక చూస్తూ ఆయన మొదలుపెట్టారు, చూడాలి! ఏ ఘాట్‌లో తెల్లవారుజామున నెమళ్లు దిగుతాయో, ఏ ధాబాలో పప్పు బాగుంటుందో, చంబల్ వంతెన మీద గాలి ఎలా కొడుతుందో. వాళ్ల నాయన సంగతులు, చిన్నప్పటి అల్లరి, ఒకటా రెండా! ముద్దనూరు దాటినా నోరు మూతపడలేదు. గండికోట తప్పకుండా చూడదగ్గ చోటు. కానీ కొత్త జంటలకు నా సలహా, ఊరు ఎంచుకునే ముందు మీ మనిషికి మాట ఎక్కడ వస్తుందో కనుక్కోండి.

పులివెందుల ఇంకా రాకముందే ఆయన లారీ ఓనరుకు ఫోను చేశారు. "అన్నా, ఐదో జుమ్మా అయినాంక లోడు నాకే పెట్టు. మా ఇంటామె కూడా వస్తాంది."

ఓనరు గొంతు ఫోనులోంచి సగం బస్సుకు వినబడింది. "ఆడమనిషి లారీలో యాడ పండుకుంటాదిరా!"

నేను ఫోను లాక్కున్నాను.

"ఆయన యాడ పండుకుంటే ఆడనే, అన్నా."