పొదిలి బస్సులో సాక్ష్యం

ఎనభైల్లో, సారా మానిపించే చికిత్స మీద పరిశోధనకు దిగిన కొత్తలో, వైజాగ్ నుంచి వచ్చి ఒంగోలులో పొదిలి బస్సెక్కాను. ఆరు నెలల కిందట ఆస్పత్రి నుంచి ఇంటికెళ్లినవాళ్లలో ఎవరు మళ్లీ తాగుతున్నారో కనుక్కోవాలి. పక్క సీటాయన మిరపకోత కూలి, పేరు యేసురత్నం. మాటల్లో తేలిందేమిటంటే, నా జాబితాలో మొదటి పేరు ఆయనదే.

గొంతు తగ్గించి, "మీ పేరు ఎక్కడా బయటపెట్టనండి. మళ్లీ తాగారా?" అన్నాను.

ఆయనకు ఒళ్లు మండింది. "ఎందుకు బయటపెట్టరండీ? ప్రతి ఆదివారం చర్చిలో లేచి, మానేశానని సాక్ష్యం చెబుతున్నా! మీరు దాస్తే, మళ్లీ మొదలెట్టాననుకోరూ జనం?" అంటూ లేచి నిలబడి, సారా ఎలా మానాడో బస్సంతటికీ వినిపించసాగాడు. టికెట్లు కొడుతున్న కండక్టరు కూడా ఆగిపోయి విన్నాడు.

వెనక మిరపకాయల బస్తా మీద కూర్చున్న యేసురత్నం భార్య కేకేసింది. "సారా మానేసిన మాట నిజమేనండీ! ఈ సాక్ష్యమే మానట్లేదు. దానిక్కూడా ఆస్పత్రి ఉంటే చెప్పండి, రేపే చేర్పిస్తా!"

రిటైరయ్యాక కూడా కనబడ్డవాళ్లందరికీ ఈ సంగతి చెబుతూనే ఉన్నాను. ఆ ఆస్పత్రేదో ఇప్పుడు నాకూ కావాలి.