గిత్త పోయాక దాని అందం ఎటు పోయింది?

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు పిలిచిన దగ్గర్నుంచి కనపడిన ప్రతి ఒక్కరూ నీకు ఏ జబ్బు తగ్గిందమ్మా అని అడుగుతున్నారు. నాకు ఏ జబ్బూ లేదండీ! జబ్బంతా మా ఆయనది, అదీ డాక్టర్లు చూసేది కాదు, పెళ్ళయిన నాటి నుంచి దానితో నా తల ప్రాణం తోకకొచ్చింది.

కంటికి కనపడనిదేదీ అసలు లేనే లేదంటారు ఆయన. దేవుడి మాటెత్తితే ఒంటికాలి మీద లేచేవారు. ఒంగోలు దగ్గర మాకు మిర్చి, పత్తి చేలు ఉన్నాయి కానీ, ఆయన ప్రాణమంతా మా గిత్త మీదే. చేనుకు తెగులొచ్చినా పట్టని మనిషి, దాని మూపురం వైపు చూస్తూ పొద్దెక్కేదాకా నిలబడేవారు. ఒకసారి పశువుల అందాల పోటీలో దానికి రెండో బహుమతి వచ్చింది. ఇక చూడండి, వారమంతా జడ్జీలకు కళ్ళు లేవని తిట్టుడే తిట్టుడు! అందమంతా చూసేవాళ్ళ కళ్ళలోనే ఉంటే వాళ్ళకు నచ్చలేదు, అయిపోయింది, తప్పు చూశారని తిట్టడమెందుకు? తిట్టారంటే, కళ్ళు చూసినా చూడకపోయినా అందమనేది ఒకటుందనేగా? అయితే గిత్తను కాదు, ఆ అందాన్ని విడిగా చూపించండి, కంటికి కనపడనిది లేదన్నారుగా అని నిలదీశాను. అన్నం పెట్టమన్నారు.

గుంటూరులో లెక్చరరుగా ఉన్న మా తమ్ముడు వచ్చినప్పుడు ఈ సంగతి చెబితే, వాడు ఈయన్ను మించినవాడు. అక్కా, అంకెలు కూడా ఎవరికీ కనపడవు, అంతమాత్రాన దేవుడున్నట్టా అన్నాడు. బావా బావమరదీ కలిసి నన్ను చూసి నవ్వుకున్నారు. ఆ పూట ఇద్దరికీ పచ్చడి మెతుకులే పెట్టాను.

తర్వాత గిత్తకు జ్వరమొచ్చింది. ఎన్ని సూదులు వేయించినా నిలవలేదు, చేను గట్టున పూడ్చిపెట్టాం. ఆ రోజు నుంచి ఆయన మనిషి కాలేదు. తాగుడు మొదలుపెట్టారు. తిండి లేదు, ఉలుకూ పలుకూ లేదు, మిరపకాయ పండి చెట్టు మీదే ఎండిపోతుంటే కూలీలను పిలిచిన పాపాన పోలేదు. ఈ మనిషి కూడా నాకు దక్కడేమోనని భయమేసింది. ఒక సాయంత్రం ఖాళీ కొట్టం ముందు కూర్చుని, “అది పోయింది సరే, ఆ అందం ఎటు పోయిందే?” అన్నారు.

వంటింట్లోకి వెళ్ళి మోకరించి, కోపంగానే ప్రార్థన చేశాను. “ప్రభువా, ఈయనతో వాదించీ వాదించీ నా నోరు నొప్పిపుట్టింది. నావల్ల కాదు. నీ మనిషి, నువ్వే చూసుకో.”

మరుసటి ఏడు పోటీలకు చుట్టాలు ఆయన్ను బలవంతంగా లాక్కెళ్ళారు, అక్కడ తాగి పడిపోతారేమోనని నేనూ వెంట వెళ్ళాను. మా గిత్తను ఓడించిన రైతు ఈసారి ఒక పడుచు గిత్తను తెచ్చాడు. ఇంకొకరి పశువును ఏనాడూ మెచ్చుకోని మనిషి, సహోదరులారా, దాని దగ్గరికి వెళ్ళి మెడ కింది గంగడోలు నిమురుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చారు! నా వైపు తిరిగి, “ఎటూ పోలేదే. ఇక్కడే ఉంది” అన్నారు.

ఇంటికొచ్చాక మెల్లగా అడిగారు, “ఇంత అందం పెట్టినవాడు ఒకడున్నాడనే అనుకో. వాడికి నేనొకణ్ణి ఉన్నానని తెలుసంటావా?”

ఇన్నేళ్ళ వాదనలో ఆ ప్రశ్న మాలో ఒక్కరికీ తట్టలేదు. తెలుసండీ, మీ పేరుతో సహా తెలుసు అన్నాను, నాకిక ఏడుపాగలేదు.

తాగుడు మానేశారు. మధ్యలో ఒక పెళ్ళిలో ఒకసారి తాగారు, సాక్ష్యంలో అబద్ధం చెప్పకూడదు కాబట్టి చెబుతున్నాను. దేవుడున్నాడనడానికి ఇది రుజువు కాదక్కా అని మా తమ్ముడు ఇప్పటికీ ఫోనులో వాదిస్తాడు. కాకపోవచ్చురా నాయనా, రుజువు నువ్వు రాసుకో, నాకు నా మొగుడు దక్కాడు. దేవునికే మహిమ!

మీ ఇళ్ళలోనూ ఇలాంటి వాదనలుంటే విసిగిపోండి, పరవాలేదు, ఆ విసుగునే ప్రభువు దగ్గర పెట్టండి, ఆయన వింటాడు. మా ఆయన కూడా వచ్చారు, అదిగో, నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చినట్టు గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఏవండీ, ఎంతసేపలా నిలబడతారు? చెప్పులు విడిచి లోపలికి రండి, మగవాళ్ళ వైపు చోటుంది.