మిద్దె మీద నన్ను అడిగిందెవురు?

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు నవ్వొస్తాది. కరెంటుతో పని చేసేవాడు భయపడేదానికి కరెంటు సాలదా? మిమ్మల్ని భయపెట్టాలని ఇది రాయడంలేదు. నా తప్పు ఒకటి ఇందులో ఉండాది. ఇన్నేండ్లుగా ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ ముక్క మింగేసి చెప్తా వచ్చినా.

ఎనభై ఐదో, ఆరో సరిగ్గా గుర్తులేదు. తిరుపతిలో ఫ్రిజ్జులు, ఏసీలు బాగుచేసే షాపులో మునిరత్నం మేస్త్రి కింద పనికి ఉన్నా. లోపలొక పెట్టె, మిద్దె మీదొక పెట్టె ఉండే ఏసీలు అప్పుడప్పుడే ఒకరిద్దరి ఇండ్లకు వస్తా ఉండాయి.

మిద్దె మీది పెట్టెలో ఫ్యాను తిరక్కపోతే రోగం మోటారుదో, కెపాసిటర్‌దో సూడాల. కెపాసిటర్లంటే చిన్న డబ్బాలు, ఫ్యానుకొకటి, కంప్రెసర్‌కొకటి. కరెంటు తీసేసినా అవి కొంచెం కడుపులో దాచుకోని ఉంటాయి. స్క్రూడ్రైవర్ రెండు కాళ్లకూ ఆనిస్తే టప్‌మని దిగిపోతాది. అందుకే మేస్త్రి ఒక కట్టడి పెట్టినాడు. మూత విప్పినవాడు వాటిని దించి, "దించినా" అని గట్టిగా చెప్పాల. ఆ మాట వినకుండా రెండోవాడు చెయ్యి పెట్టకూడదు.

ఒక మే నెల మధ్యాన్నం ఎవరో బట్టలంగడాయన మిద్దె మీద ఉన్నాం. కాళ్లు కాలిపోతా ఉండాయి. ఎప్పుడెప్పుడు నీడకు పోదామా అని నా తొందర నాది. మూత విప్పి, దించకుండానే "దించినా" అనేసినా. స్టూలు మీదున్న మేస్త్రి నా మాట నమ్మి చెయ్యి పెట్టినాడు. కరెంటు కొట్టిన దెబ్బకు ఎనక్కి పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

ఓనరు అడిగితే నేనేమన్నానో తెలుసా? "నేను దించేలోపలే మేస్త్రి చెయ్యి పెట్టేసినాడన్నా" అన్నా. మేస్త్రి నా మొగం సూసినాడు. ఛీ, నాలుగు తిట్టింటే బాగుండు.

వాపు దిగనీలే అని వారం ఆగి, అప్పుడు పుత్తూరుకు పోయి ఎముకలకు కట్టే నాటు కట్టు కట్టించుకున్నాడు. ఎముక అతుక్కుంది గానీ మోచెయ్యి మళ్లా వంగలేదు. వంగని చేత్తో ఏం పని చేస్తాడు పాపం? వడమాలపేటలో ఇంటికి పోయి కూసున్నాడు. ఆయన పనులన్నీ ఓనరు నాకిచ్చినాడు.

ఏడాది తిరిగింది. పుత్తూరులో ఒక డాక్టరమ్మ ఇంటికి ఒక్కణ్ణే పోయినా. ఫ్యాను గుయ్‌మంటా ఉండాది గానీ తిరగడంలేదు. జాలీలోంచి పుల్లతో రెక్కను తోస్తే తిరిగింది. అంటే మోటారు బాగుండాది, ఫ్యాను కెపాసిటర్ పోయింది. మెయిన్ తీసేసి, మూత విప్పి, చెయ్యి పెట్టబోయినా.

"దించినావా?"

ఎనకనుంచి వినబడింది. మేస్త్రి గొంతే.

తిరిగి కూడా సూడకుండా "దించినా" అన్నా. రెండోసారి కూడా అబద్ధమే చెప్పినా, సూడండి నా బుద్ధి!

"దించినావా అబ్బా?"

ఈసారి చెవి పక్కనే. ఆయన తాగే బీడీ వాసన కూడా వచ్చింది. పెట్టబోయిన చెయ్యి ఎనక్కి లాక్కున్నా. స్క్రూడ్రైవర్ ఆనిస్తే కంప్రెసర్ డబ్బా టపీమని పేలినట్టయి, మొన మాడిపోయింది. తిరిగి సూస్తే ఎవురూ లేరు. మిద్దె తలుపుకు నేనే ఇవతలినుంచి పెట్టిన గడియ పెట్టినట్టే ఉండాది. కిందికి పోయి అడిగితే డాక్టరమ్మ "ఎవురూ రాలేదే" అనింది.

మేస్త్రికి ఏమన్నా అయిందేమోనని తిరుగుదారిలో వడమాలపేటలో దిగేసినా. నిక్షేపంగా ఉన్నాడు. అన్నం తింటా ఉన్నాడు. కుడిచెయ్యి నోటిదాకా రాదు కదా, ఎడంచేత్తో తింటా, నన్ను సూసి సిగ్గుపడి గోడకల్లా తిరుక్కున్నాడు. సిగ్గుపడాల్సింది ఆయనా, నేనా?

"మధ్యాన్నం యాడున్నావు మేస్త్రీ?" అన్నా.

"యాడికి పోతానప్పా, ఈడనే పండుకోనుంటి. ఏం?"

"ఏం లేదు" అన్నా. నిజం చెప్పేద్దామని గడప దాకా అనుకుంటా పోయినవాణ్ణి, వాళ్లావిడ కూసోబెట్టి పెట్టిన అన్నం, నా కుడిచేత్తో తినేసి బస్సెక్కినా.

ఎండదెబ్బ అన్నారు కొందరు. నీ మనసే అడిగింటాదిలే అన్నారు ఇంకొందరు. మనసు అడిగితే బీడీ వాసన యాడినుంచి వస్తాది? బతికుండే మనిషి ఇంట్లో పండుకోని, ఈడ గొంతు ఎట్లా వినబడతాది? నాకు ఈ రోజుకీ తెలీదు.

మేస్త్రి పోయి చానా ఏండ్లాయె. ఆయనకు చెప్పనే లేదు. వాళ్లావిడ ఇంకా ఉండాది. మొన్న బస్టాండులో కనబడి, పక్కనున్నామెకు నన్ను సూపించి, "మా ఆయన దగ్గిర పని నేర్చుకున్నోడు. ఆయనంటే ప్రాణం వీడికి" అనింది.

అవునన్నట్టు తల ఊపినా.