అవ్వ పాటల కోసం కూర్చిన కంప్యూటరు

గూడెమని, పట్నమని చూడకుండా అందరి గొంతుల్లోనూ ఊపిరి పోసిన దేవునికి స్తోత్రం. మన మనసుకు తట్టని మనుషుల చేతనే తన పని చేయించుకునే ప్రభువుకే మహిమ. ఆయన నా దారిలో నిలబెట్టిన ఒక మనిషిని గురించి, ఆ మనిషిని ఎన్నడూ చూడని మీకు చెప్పాలని కూర్చున్నాను.

ఈ ఉదయం ఖానాపురం హవేలిలోని మా ఇంట్లో నేను వాడుకునే కంప్యూటరు పక్క రేకు విప్పి, పాత పెయింటు బ్రష్షుతో దుమ్ము దులిపాను. వేడెక్కి చల్లారిన దుమ్ముకు ఒక వాసన ఉంటుంది. అది ముక్కుకు తగలగానే ఖాదర్ చాచా దుకాణం కళ్ళ ముందుకొచ్చింది. ఖమ్మం బజారులో ఒక ఇరుకు సందు, మెట్ల కింద గది, గోరింటాకుతో ఎర్రబడిన గడ్డం, చెవి వెనక స్క్రూడ్రైవరు. ఆయన తండ్రి రేడియోలు బాగుచేసేవాడు. చాచా టీవీలతో మొదలుపెట్టి కంప్యూటర్లకు వచ్చారు. ఏ కాలేజీలోనూ చదవలేదు.

నేను సంఘంలో పుట్టి పెరిగినదాన్ని. ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం నేర్పుతాను. భద్రాచలం దాటాక అడవి అంచున ఒక గూడెంలో మా సంఘానికి చిన్న ప్రార్థన మందిరం ఉంది. అక్కడి విశ్వాసి ముత్తమ్మ అవ్వ తన కోయ భాషలో ప్రభువును స్తుతిస్తూ ఎన్నో పాటలు కట్టుకుంది. రాగాలు మాత్రం ఆమె పెద్దలు విత్తనాల పండుగకు పాడుకున్నవే. అవి ఏ పుస్తకంలోనూ లేవు, పూర్తిగా వచ్చినవాళ్ళు ఇంకొకరు లేరు. వయసు మీదపడి అవ్వకు ఒక్కో చరణమే జారిపోతోంది. ఆమె పాడితే రికార్డు చేసి, మాటలను తెలుగు లిపిలో టైపు చేసి, తిరిగి ఆమెకే వినిపించి సరిచేసుకోవాలి. అవ్వ ప్రయాణం చేయలేదు కనుక కంప్యూటరు మందిరంలోనే ఉండాలి. నాకు టైపింగు వచ్చని సంఘం ఆ బాధ్యత నాకు అప్పగించింది. నిజానికి నాకు టైపింగు తప్ప ఏమీ రాదు.

వీడియోలు చూసి ఒక పెద్ద జాబితా రాసుకుని చాచా దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి జరుపుకుని కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివారు.

"అద్దాల డబ్బా, రంగురంగుల లైట్ల పంకాలు, గింత పెద్ద గ్రాఫిక్స్ కార్డు... ఏంది బేటా? మీ అవ్వ పాటలు పాడుతదా, కార్ల రేసు ఆడుతదా?"

"దేవుని పని గదా చాచా, మంచిది ఉండాలె."

"మంచిదంటే మెరిసేదా?" అని మళ్ళీ కాగితం చూసి తల పట్టుకున్నారు. "ఈ బోర్డు మీద ఈ ప్రాసెసరు కూసోనే కూసోదు. పిల్లనడగక, పిలగాన్నడగక లగ్గం పెట్టుకొచ్చినవ్."

తర్వాత ఆయన ప్రశ్నలు మొదలుపెట్టారు. అవ్వ ఎక్కడ కూర్చుంటుంది? కిటికీ ఏ దిక్కున ఉంది? పక్కన ఎవరైనా నీళ్ళ మోటారు వేస్తే మందిరంలో బల్బు మసకబారుతుందా? కరెంటు రోజుకు ఎన్నిసార్లు పోతుంది?

"తెల్వదు చాచా."

"తెల్వకుంట సామాను ఎట్ల ఏరినవ్? పో, చూసి రా. గది సంగతి తెల్వకుంట నేను ఒక్క స్క్రూ గూడ అమ్మను."

ఆయన పద్ధతే అంత. ఆ పట్టింపు వల్ల చాలామంది పక్క దుకాణాలకు వెళ్ళిపోయేవారు. నేను మాత్రం బస్సెక్కి గూడేనికి వెళ్ళి, ఒక పగలంతా మందిరంలో కూర్చుని బల్బును చూశాను. అన్నేళ్ళుగా ఆ గదిలో ప్రార్థించాను గానీ ఆ గదిని చూడలేదని ఆ రోజే తెలిసింది. ఒకటే కిటికీ, అదీ పడమటికి. మధ్యాహ్నం ఎండ నేరుగా బల్ల మీద పడుతుంది. బల్బు సాయంత్రానికి నాలుగుసార్లు మసకబారింది. అవ్వకు కుడి చెవి వినపడదు.

ఇవన్నీ చెప్పాక చాచా నా జాబితాను వెనక్కి తిప్పి కొత్తది రాశారు. గ్రాఫిక్స్ కార్డు కొట్టేశారు. బొమ్మ చూపించే పని తనే చేసుకునే మామూలు ప్రాసెసరు, దానికి సరిపడే బోర్డు, మెమరీకి ఒకటే కడ్డీ. రెండో గాడి తర్వాతి అవసరానికి ఖాళీగా ఉంటుందన్నారు. పాటలు రెండుచోట్ల దాచడానికి రెండు డిస్కులు. అవ్వ ఎడమ వైపున పెట్టడానికి గట్టిగా పలికే స్పీకరు. కరెంటు పోతే కాసేపు ఆదుకునే యూపీఎస్. డబ్బా మాత్రం నల్లగా, జల్లెడలా రంధ్రాలతో వికారంగా ఉంది. నా ముఖం చూసి ఆయన నవ్వారు.

"దానికి గాలి ఆడాలె బేటా. అందం మీ పాటల్ల ఉంటది తీ."

అన్నిటికన్నా ఎక్కువసేపు ఆయన ఏరింది కరెంటును లోపలి భాగాలకు పంచే ఇనుప పెట్టెను. దుకాణాల్లో దాన్ని ఎస్ఎంపీఎస్ అంటారు. నా రెండు చేతుల్లో రెండు పెట్టి బరువు చూడమన్నారు. ఒకటి బోలుగా ఉంది, ఒకటి చెయ్యి కిందికి లాగింది. "ఇది ఎవ్వరికీ కనబడదు. అందుకే అందరూ దీని కాడ్నే కక్కుర్తి పడ్తరు. ఇది పాడైతే అన్నిటినీ తీస్కపోతది" అన్నారు. శరీరంలో తక్కువగా తోచే అవయవాలే మరీ అవసరమైనవని మా సంఘంలో ఎన్నోసార్లు విన్నాను. ఆ మాట బరువు నా అరచేతికి తెలిసింది ఆ మెట్ల కింద గదిలోనే.

బిగించిన రోజు శుక్రవారం. పేపరు పరిచి సామానంతా వరుసగా పేర్చి, "నువ్వే పెట్టు, నేను నమాజుకు పోయొస్త. ప్రాసెసరును నూకకు. దాని జాగ దానికెరుక" అని చెప్పి వెళ్ళారు. ఆయన తిరిగొచ్చేసరికి అంతా అమర్చి, మీట ముట్టుకోకుండా కూర్చున్నాను. ఒక్కొక్క తీగా లాగి చూసి, మీట మీద వేలుపెట్టి, "బిస్మిల్లా" అన్నారు. నొక్కబోయి ఆగి నా వైపు చూశారు. "నీది నువ్వు చదువుకో." నేను కళ్ళు మూసుకుని ప్రార్థించాను. ఆమెన్ అనేదాకా ఆయన మీట నొక్కలేదు.

తర్వాత జరిగిన పొరపాటు పూర్తిగా మాది. కంప్యూటరును మందిరంలో పెట్టి ప్రతిష్ఠ ఆరాధన జరిపిన రోజున గూడెం అక్కలు ఆ డబ్బాకు తెల్లని ముసుగు కుట్టి తెచ్చారు. ప్రభురాత్రి భోజనపు బల్ల మీద పరిచే గుడ్డలాంటిదే, అంచున సిలువ కుట్టు. మీట నొక్కడానికి ముందువైపు చిన్న రంధ్రం కూడా ఉంది. "దేవుని వస్తువు, దుమ్ము పడనివ్వకండి" అని వాళ్ళకు చెప్పింది నేనే. నడుస్తున్నప్పుడు కూడా ముసుగు తీయలేదు. అందులో నాకు భక్తే కనబడింది.

మే నెల. ఉదయం పాస్టరు గారు వాక్యం చదివి రికార్డు చేస్తే ఏమీ కాలేదు. మధ్యాహ్నం అవ్వ పాట ఎత్తుకుంది. రెండో పాట నడుమ కంప్యూటరు ఆగిపోయింది. మర్నాడు మధ్యాహ్నం కూడా అంతే. ఆ తర్వాతి శనివారమూ అంతే. ఆ రాగాలు పండుగలవి, మందిరంలో తగవని అంతకుముందే గొణిగినవాళ్ళు ఇప్పుడు పైకే అన్నారు. పాస్టరు గారు వాళ్ళను వారించలేదు. అవ్వ తన కొంగుతో నోరు కప్పుకుంది.

"దేవునికి నా పాట ఇష్టం లేదు బిడ్డా. నేను పాడితేనే అది ఆగుతాంది. ఇగ నేను పాడ."

కాదని చెప్పవలసినదాన్ని నేను. చెప్పలేదు. నాకూ సందేహం పట్టింది. ఉపవాసం ఉన్నాను, మోకరించాను, గుర్తు చూపమని అడిగాను. మూడు వారాలు అవ్వ ఒక్క పాటా పాడలేదు. చివరికి చాచాకు ఫోను చేసి జరిగింది చెప్పాను. ఆయన నవ్వలేదు.

"పొద్దున ఆగుతదా?"

"ఆగదు చాచా. అవ్వ పాడినప్పుడే."

"అవ్వ పొద్దున పాడిందా ఎప్పుడన్న?"

అవ్వ పాడింది ఎప్పుడూ మధ్యాహ్నమేనని అప్పుడు తట్టింది. "రేపొస్త" అన్నారు.

రెండు బస్సులు మారి, అరవై దాటిన మనిషి ఆ ఎండలో వచ్చారు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చి ఆ తెల్లని ముసుగును చూశారు. ముట్టుకోలేదు. కంప్యూటరు వేయమని, అవ్వను పిలిపించి దగ్గర కూర్చోబెట్టారు. కాసేపాగి, "అవ్వా, గీ గుడ్డ లోపల చెయ్యి పెట్టి చూడు" అన్నారు. అవ్వ చెయ్యి పెట్టి చటుక్కున తీసుకుంది.

"కాలుతాందయ్యా!"

"అవ్. జరమొచ్చినోనికి దుప్పటి కప్పి ఉరికిస్తున్నరు వీళ్ళు. గుడ్డ నేను తియ్య. ప్రేమతోని కుట్టినోళ్ళే తియ్యాలె."

కుట్టిన అక్కలే సిగ్గుపడుతూ తీశారు. మధ్యాహ్నపు ఎండ పడకుండా కిటికీకి చాప కట్టారు. అయినా అవ్వ పాట ఎత్తుకోలేదు. చాచా ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"నాది వేరే తొవ్వ అవ్వా. నీ పాట తప్పో ఒప్పో చెప్పనీకి నేనెవర్ని? కని ఈ డబ్బా సంగతి నాకెరుక. డబ్బా తప్పును దేవుని మాట అనుకోకు. నిన్ను పాడొద్దన్నది ఆయన కాదు."

అది అవ్వతో అన్న మాట. తగిలింది నాకు. లేఖనాలు ఎరిగిన నేను, పాస్టరు గారు, పెద్దలు అంతమందిమి ఉండి, ఆ మాట చెప్పడానికి ఖమ్మం నుంచి చాచా రావలసి వచ్చింది.

అవ్వ ఆ మధ్యాహ్నం అయిదు పాటలు పాడింది. కంప్యూటరు ఆగలేదు. ఆ తర్వాత రెండేళ్ళు పాడుతూనే ఉండి, ప్రభువు నందు నిద్రించింది. ముప్పైకి పైగా పాటలు అచ్చయ్యాయి, గూడెం పిల్లలు ఇప్పుడు వాటిని చూసి పాడుతున్నారు. కానీ మొదటి రోజు సగంలో ఆగిన ఆ పాటకు చివరి చరణం, ఆ మూడు వారాల మౌనం తర్వాత అవ్వకు మళ్ళీ దొరకలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. పుస్తకంలో అక్కడ నాలుగు పంక్తుల జాగా ఖాళీగా వదిలేశాము. దాన్ని చూసినప్పుడల్లా, ఏ సంగతినైనా దేవుని చిత్తమని చెప్పబోయే నా నాలుక ఆగుతుంది. ముందు దగ్గరికి వెళ్ళి చూస్తాను, అడుగుతాను, తర్వాతే మాట్లాడతాను. చాచా నాకిచ్చింది అదే.

ఇప్పుడు చాచా వేంసూరులో కూతురి ఇంట్లో ఉంటున్నారు. చేతులు వణికి స్క్రూ పట్టు దొరకడం లేదు. దీన్ని చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. తండ్రీ, ఖాదర్ చాచా చేతులకు బలమివ్వు, ఆయన ఇంటికి సమాధానమివ్వు. నీ పేరు చెప్పి మేము ఎవరి నోళ్ళు మూయించామో వాళ్ళు మళ్ళీ పాడేలా చెయ్యి. మమ్మల్ని క్షమించు. ఆమెన్.