నా సిఫారసు నేనే రాసుకున్న వైనం

నా కొంప నేనే, అదీ చక్కని ఇంగ్లీషులో, ముంచుకున్న సంగతి చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

అప్పుడు నేను నంద్యాలలో శనగ ఎండుతెగులు మీద పనిచేస్తున్నాను. పీహెచ్‌డీ పూర్తయి ఏడాది కూడా కాలేదు. ఢిల్లీలో జరిగే సదస్సుకు నా పేపరు తీసుకున్నారు. కొత్త పరిశోధకులకు రానుపోను ఖర్చులు వాళ్లే ఇస్తారట. గైడు సిఫారసు ఉత్తరం ఒక్కటి జతచేయాలి.

మా గైడు ఓబులేసు సారు శనగచేలో ఉన్నారు. "ఉత్తరం నువ్వే రాసకరాప్పా, సంతకం పెడ్తా. నాకు యాడ తీరుతాది?" అన్నారు.

పెళ్లికొడుకునే పెళ్లిళ్ల పేరయ్యను చేస్తే ఏమవుతుందో అదే అయింది. 'శ్రద్ధగల కుర్రాడు' అని మొదలుపెట్టాను. చప్పగా అనిపించింది. 'ఈ రంగంలో ఎన్నదగిన నిపుణుడు' అని మార్చాను. చేయి వేడెక్కింది. 'సీనియర్లు సైతం ఇతని సలహా కోసం వస్తారు' అని ముగించాను. అది పూర్తిగా అబద్ధం కాదు. సారు ఒకసారి తన కళ్లజోడు ఎక్కడుందని నన్నే అడిగారు.

ఆయన చదవకుండా సంతకం పెట్టేశారు.

ఆదివారం ఆళ్లగడ్డ వెళ్లి, రాతి విగ్రహాలు చెక్కే మా నాయనకు ఆ ఉత్తరం తెలుగులో చెప్పి వినిపించాను. ఆయన ఉలి ఆపి, "ఎవురప్పా ఆ పెద్దాయన? ఎప్పుడు పోయినాడు? విగ్రహం మనకే చెప్పినారా?" అన్నారు.

"నేనే నాయనా."

ఆయన మళ్లీ ఉలి అందుకున్నారు.

ఉత్తరం పంపిన పది రోజులకు సదస్సు నిర్వాహకురాలు ఫోన్ చేశారు. తెలుగావిడే.

"ఈ సాయం కొత్తవాళ్లకండీ."

"నేనూ కొత్తవాణ్నే మేడమ్."

"మీ గైడు గారు అలా రాయలేదే. సీనియర్లు మీ సలహా కోసం వస్తారట కదా."

రాసింది నేనే అంటే సారు పరువు పోతుంది. "ఏదో, ఆయన అభిమానం" అని నసిగాను.

"వినయం కూడా ఉంది. దరఖాస్తులు చాలా వచ్చాయి. ఎవరిని పంపాలో తేల్చడానికి మాకు సాయం చేస్తారా?"

నా నోరు నన్ను అడక్కుండానే సరేనంది.

వారంపాటు ఇతరుల ఉత్తరాలు చదివాను. కోయిలకుంట్ల అమ్మాయి ఒకామె గురించి వాళ్ల మేడమ్ మూడే ముక్కలు రాశారు: 'పని నిజాయితీగా చేస్తుంది. రాష్ట్రం దాటి ఎక్కడికీ వెళ్లలేదు. పంపితే నేర్చుకుని వస్తుంది.' సిగ్గుతో నా చెవులు కాలాయి. ఆమె పేరే మొదట రాశాను. ఆమె వెళ్లింది.

సదస్సు రోజు సారు నన్ను చేలో చూసి ఆగిపోయారు. "ఏందప్పా, ఢిల్లీకి పోలేదా? ఈడ ఏం జేస్తాండావ్?"

"నాకంత తక్కువ స్థాయి సాయం పనికిరాదన్నారు సార్."

ఆ రోజే, ఎండిన శనగమొక్క చేతపట్టుకుని ఒట్టేశాను: నా సిఫారసు ఇక నేను రాసుకోను. తప్పనిసరై రాయాల్సి వస్తే ఒక్క వాక్యమే రాస్తాను. 'వీడికింకా ఏమీ రాదు, దయచేసి పంపండి.'